జూమ్ లెన్సు దానంతటదే జారిపోతోందా? విప్పకుండా ఆపే పద్ధతులు

కెమెరా మెడలో వేసుకుని నాలుగడుగులు నడిస్తే చాలు, లెన్సు మెల్లగా సాగి కిందికి వేలాడుతుందా? రంగనాయకుల గుడి గాలిగోపురం పై అంతస్తు తీద్దామని కెమెరా ఎత్తితే, చేసిన జూమ్ అంతా లోపలికి దిగిపోయి ఫ్రేములోకి కరెంటు తీగలు కూడా వచ్చేస్తున్నాయా? దీన్ని జూమ్ క్రీప్ అంటారు. ముందుకి సాగే గొట్టం ఉన్న లెన్సుల్లో ఇది ఎంతో కొంత ఉంటూనే ఉంటుంది, బరువైన వాటిలో ఇంకాస్త ఎక్కువ. చాలాసార్లు లెన్సు పాడైందని టెన్షన్ పడాల్సిన పనే లేదు.

మన నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు పెళ్లిళ్లు తీసే తమ్ముళ్లు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "అన్నా, లెన్సు కిందికి పెడితే జర్రున జారిపోతా ఉంది, లోపల గ్రీజు అయిపోయిందంటావా, యాడన్నా విప్పించి వేయించాల్నా?" విప్పొద్దు, గ్రీజు అసలే వద్దు. దీనికి ఉన్నవి రెండే దారులు. బయటినుంచి రాపిడి పెంచడం ఒకటి, లెన్సు జారడానికి చోటే లేకుండా చేయడం రెండోది. మిగతా చిట్కాలన్నీ ఈ రెండిటికీ పుట్టినవే.

ఎందుకు జారుతుంది

జూమ్ రింగు కింద ఒక గొట్టం ఉంటుంది, దానికి వాలుగా గాడులు కోసి ఉంటాయి, ఆ గాడుల్లో చిన్న రోలర్లు కదులుతాయి. రింగు తిప్పితే గొట్టం తిరుగుతుంది, రోలర్లు గాడి వెంట జరుగుతాయి, ముందున్న గాజులన్నీ కలిసి బయటికి వస్తాయి. ఇదే లెక్క తలకిందులుగా కూడా పనిచేస్తుంది. ముందున్న గాజుల బరువు కిందికి లాగితే రోలర్లు గాడిలో జారతాయి, రింగు దానంతటదే తిరుగుతుంది. అలా తిరగకుండా ఆపేది లోపలి చిక్కటి గ్రీజు, గొట్టాల మధ్య బిగువు, వాటి మధ్య అంటించిన పలచటి ఫెల్టు పట్టీల రాపిడి, అంతే.

గాడి ఏటవాలు ఎంత ఎక్కువైతే జారడం అంత తేలిక. 18-55 కిట్ లెన్సులో గొట్టం కదిలేది తక్కువ, ముందు గాజు కూడా చిన్నది, అందుకే అది పెద్దగా జారదు. 18-200, 18-300 లాంటి వాటిలో రింగు పావు చుట్టో, అంతకంటే కాస్త ఎక్కువో తిరిగేలోపు గొట్టం బోలెడంత బయటికి రావాలి కాబట్టి గాడి బాగా వాలుగా కోయక తప్పదు. పైగా ముందు గాజు బరువు. నికాన్ 18-200 వీఆర్ 2005లో వచ్చినప్పుడు దానికి లాక్ కూడా లేదు, కొన్నవాళ్లంతా జారుడు గురించే మాట్లాడుకున్నారు. 2009లో వచ్చిన రెండో వెర్షన్‌కి 18 దగ్గర లాక్ పెట్టారు. కానన్ 24-105 ఎఫ్ 4 ఎల్ కూడా అంతే, 2005 నాటి దానికి లాక్ లేదు, 2016లో వచ్చిన రెండో వెర్షన్‌కి ఇచ్చారు. అంటే కంపెనీలకీ ఈ సంగతి బాగా తెలుసు. రింగు గట్టిగా పెడితే "తిప్పడానికి చేతులు నొప్పెడుతున్నాయి" అని తిట్టేదీ మనమే కదా, అందుకని మధ్యస్థంగా వదిలేస్తారు.

గొట్టం బయటికి రాకుండా లోపలే జూమ్ అయ్యే లెన్సులకి ఈ బాధ లేదు. సోనీ 200-600, నికాన్ జెడ్ 180-600, డీఎస్ఎల్ఆర్ కాలం నాటి 70-200 ఎఫ్ 2.8లు ఆ రకం. 2019లో వచ్చిన కానన్ ఆర్ఎఫ్ 70-200 ఎఫ్ 2.8 మాత్రం సాగే రకం, కాబట్టి 70-200 అన్న పేరు చూసి నిర్ణయించుకోవద్దు, తిప్పి చూడండి.

వేడి సంగతి మనవాళ్లకి విడిగా చెప్పాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకి మూసిన కారులో కెమెరా బ్యాగు వదిలేస్తే గ్రీజు పలచబడుతుంది. మళ్లీ చల్లారితే కొంత బిగుస్తుంది గానీ, అలా పలచబడిన నూనె ముందుకి పాకి అపర్చర్ ఆకుల (లోపలికి వచ్చే వెలుగుని తగ్గించే, పెంచే సన్న రేకుల) మీద చేరితే అది వేరే తలనొప్పి. ఉదయం ఏసీ గదిలో ఆగిన లెన్సు మధ్యాహ్నం మండపం బయట జారుతోందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ముందు ఎంత జారుతుందో చూడండి

లెన్సుని కెమెరాకి బిగించి, మెత్తటి దుప్పటి మీదుగా నేరుగా నేలవైపు పట్టుకోండి. రింగు మీద ఉన్న ఒక్కో అంకె దగ్గర పెట్టి చేయి తీసేయండి, పది లెక్కపెట్టేవరకు ఊరుకోండి, తర్వాత బాడీ మీద వేలితో చిన్నగా తట్టండి. నడిచేటప్పుడు తగిలే కుదుపులు అలాంటివే కాబట్టి, చేయి తీయగానే జారకపోయినా తట్టినప్పుడు జారితే అది జారే లెన్సే. ఇదంతా హుడ్ లేకుండా ఒకసారి, హుడ్, ఫిల్టరు పెట్టి ఒకసారి చేయండి. లావుపాటి పోలరైజర్ ఫిల్టరు తీసేస్తేనే జారుడు ఆగిపోయే లెన్సులు ఉన్నాయి, అలాంటప్పుడు బ్యాండులూ అవీ ఎందుకు, అవసరం లేనప్పుడు పోలరైజర్ జేబులో పెట్టుకుంటే సరిపోతుంది. తర్వాత కెమెరా ఆకాశంవైపు పెట్టి అదే పని చేయండి, ఈసారి గొట్టం లోపలికి దిగుతుందా చూడాలి.

చాలా లెన్సులు రెండు కొసల్లో నిలబడి మధ్యలో జారతాయి. మీది ఏ అంకెల మధ్య జారుతుందో గుర్తుపెట్టుకుంటే తర్వాత చెప్పేవన్నీ సులువవుతాయి.

తీస్తున్నప్పుడే జారిందా అన్న అనుమానం ఉంటే ఫొటో ఇన్ఫో తెరిచి ఫోకల్ లెంగ్త్ చూడండి. మొదటి ఫొటోలో 400 అని ఉండి, జూమ్ ముట్టుకోకుండా తీసిన చివరి ఫొటోలో 370 అని ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. ఇంకో సంగతి, ఇప్పటి ఫొటో జూమ్ లెన్సుల్లో ఎక్కువ భాగం జూమ్ మారితే ఫోకస్ కూడా కాస్త మారేవే. కాబట్టి మాన్యువల్ ఫోకస్‌లో పెట్టి చందమామనో, నక్షత్రాలనో తీస్తుంటే జారుడు వల్ల ఫ్రేముతో పాటు షార్ప్‌నెస్ కూడా పోతుంది, మీరేమో ట్రైపాడ్ ఊగిందని దాన్ని తిట్టుకుంటూ ఉంటారు.

చేతిలో పట్టుకుని తీసేవాళ్లకి పైసా ఖర్చు లేని మందు

ఎడమ చేయి జూమ్ రింగు మీదే ఉంచండి. అరచేతిలో లెన్సు బరువు, బొటనవేలు ఒకవైపు, మిగతా వేళ్లు ఇంకోవైపు రింగుని పట్టుకుని ఉంటే అది ఎటు జారుతుంది? చాలామంది ఎడమ చేత్తో కెమెరా బాడీ అడుగుని పట్టుకుంటారు, జారుడు సంగతి పక్కన పెట్టినా బరువైన లెన్సుకి ఆ పట్టు మంచిది కాదు.

నడిచేటప్పుడు మాత్రం లెన్సుని పూర్తిగా ముడిచి, లాక్ ఉంటే వేసి, హుడ్ తిరగేసి పెట్టుకోండి. 150-600 లాంటి పెద్ద లెన్సుకి పట్టీ కెమెరాకి కాకుండా లెన్సు ట్రైపాడ్ కాలర్‌కి (లెన్సు చుట్టూ ఉండే బిగింపు రింగుకి) తగిలిస్తే మౌంటు మీద, అంటే లెన్సు కెమెరాకి బిగిసే చోట, బరువు పడదు. బైకు మీద వెళ్తే లెన్సుని పక్క డబ్బాలో ఉత్తగా పడేయకండి. గతుకుల రోడ్డు మీద గంటల తరబడి వచ్చే అదురుకి లెన్సు లోపలి స్క్రూలు మెల్లగా వదులవుతాయి, అప్పుడు వచ్చే జారుడు మామూలు జారుడు కాదు. ఫోమ్ ఉన్న బ్యాగులో పెట్టి వీపుకి తగిలించుకుంటే కుదుపు చాలావరకు మన ఒంటి మీదే ఆగిపోతుంది.

మీ లెన్సుకి ఉన్న లాక్ ఏ రకమో తెలుసుకోండి

లాక్ బటన్ ఉన్నంత మాత్రాన అన్నిచోట్లా ఆగుతుందనుకోవద్దు. ఎక్కువ లెన్సుల్లో అది పూర్తిగా ముడిచిన చోట మాత్రమే పడుతుంది. నికాన్ 200-500కి 200 దగ్గర, సిగ్మా 100-400కి 100 దగ్గర. మోసుకెళ్లడానికి అది బాగుంటుంది, తీసేటప్పుడు పనికిరాదు. సిగ్మా 150-600 కాంటెంపరరీలో రింగు మీద అంకె రాసి ఉన్న ప్రతిచోటా లాక్ పడుతుంది, మరిచిపోయి రింగు తిప్పినా అదే విడిపోతుంది. టామ్రాన్ 150-600 జీ2లో ఇంకా మేలు, జూమ్ రింగుని ముందుకి నెడితే ఎక్కడున్నా అక్కడే ఆగుతుంది, వెనక్కి లాగితే వదులుతుంది. కానన్ 100-400 రెండో వెర్షన్, సోనీ 100-400 జీఎంలలో బిగువు పెంచే రింగే విడిగా ఇచ్చారు, దాన్ని గట్టివైపు తిప్పితే జారుడు మాటే ఉండదు. ఈ రింగు ఉందని తెలియక ఏళ్ల తరబడి వదులుగానే వాడేవాళ్లు ఉన్నారు, మీ లెన్సు జూమ్ రింగు పక్కన ఇంకో సన్నటి రింగు ఉందేమో ఒకసారి చూడండి.

లాక్ వేసి ఉండగా రింగుని బలవంతంగా తిప్పొద్దు. కొసల్లో మాత్రమే పడే లాకుల్లో లోపల ఉండేది చిన్న కొక్కెం, అది విరిగే ప్రమాదం ఉంది.

రబ్బరు బ్యాండు: అన్నిటికంటే నమ్మకమైనది

ఒక వెడల్పు రబ్బరు పట్టీని సగం జూమ్ రింగు మీద, సగం కదలని బాడీ మీద ఉండేలా తొడిగితే రింగు తిరగాలంటే ఆ రబ్బరుని ఈడ్చుకుంటూ తిరగాలి. గాజుల బరువుకి ఆ శక్తి ఉండదు, మన చేతికి ఉంటుంది. ఇంతకంటే కిటుకేమీ లేదు.

పట్టీ ఎక్కడ దొరుకుతుంది? కాలేజీ ఫెస్టుల్లో, ఎన్నికల ప్రచారాల్లో పంచే సిలికాన్ చేతి బ్యాండ్లు ఇంట్లో ఏ డ్రాయర్ లాగినా ఒకటి దొరుకుతుంది. పెద్దవాళ్ల సైజు బ్యాండు చుట్టుకొలత సుమారు 20 సెం.మీ. ఉంటుంది. లెన్సు చుట్టుకొలత 22, 23 సెం.మీ. అయితే చక్కగా బిగుస్తుంది. వెడల్పు తక్కువ కాబట్టి బరువైన లెన్సుకి ఒక్కటి చాలకపోవచ్చు. కూరగాయల కట్టలకి వేసే సన్న రబ్బర్లు మాత్రం వద్దు, మన ఎండకి వారంలో చితికి లెన్సుకి బంకలా అంటుకుంటాయి.

నేనైతే పంక్చరు షాపుకే పంపిస్తాను. పాత ట్యూబు ఊరికే ఇస్తారు, కొలత మాత్రం మీరే చూసుకోవాలి. ఇంట్లో టైలర్ టేపుతో, లేకపోతే దారం చుట్టి, జూమ్ రింగు దగ్గర లెన్సు చుట్టుకొలత తీసుకోండి. ట్యూబుని నేలమీద చదునుగా పరిచి అడ్డం కొలవండి, దాన్ని రెట్టింపు చేస్తే ట్యూబు చుట్టుకొలత వస్తుంది. అది లెన్సు చుట్టుకొలత కంటే ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా తక్కువ ఉండాలి. ఉదాహరణకి లెన్సు 24 సెం.మీ. అయితే ట్యూబు అడ్డం కొలత 8 నుంచి 9.5 సెం.మీ. మధ్య ఉంటే బాగా కూర్చుంటుంది. సైకిలు ట్యూబు మరీ సన్నం, దాన్ని సాగదీసి ఎక్కించేసరికి రింగు కదలదు సరికదా ఎక్కించేవాడి ఓపిక కూడా అయిపోతుంది. బైకు ట్యూబుల్లో చూడండి, మరీ లావు లెన్సు అయితే ఆటో ట్యూబు అడగండి. ఇప్పుడు బైకులన్నీ ట్యూబ్‌లెస్ అయిపోతున్నాయి గానీ పల్లెటూరి పంక్చరు షాపుల్లో ఇంకా కుప్పలు పడి ఉంటాయి.

అతుకు, వాల్వు లేని చోట చూసి, పెద్ద కత్తెరతో రెండు నుంచి రెండున్నర సెం.మీ. వెడల్పున రింగులా అడ్డంగా కోయండి. ఒకే ఊపులో కోస్తే అంచు నున్నగా వస్తుంది, గీట్లు గీట్లుగా కోస్తే అక్కడే చిరుగు మొదలవుతుంది. ఇక చాలామంది వదిలేసే ముఖ్యమైన పని, ట్యూబు లోపలంతా తెల్లటి పౌడరు ఉంటుంది. అది లెన్సు గొట్టం సందులోకి పోయిందంటే ఇసుక పోయినంత పని. బ్యాండుని తిరగేసి, అంట్ల సబ్బుతో రుద్ది కడిగి, నీడలో ఆరబెట్టి, తెల్లటి గుడ్డతో తుడిచి చూడండి. గుడ్డకి తెలుపు గానీ నలుపు గానీ అంటకపోతేనే లెన్సు మీదికి తీసుకురండి.

ఎక్కించేటప్పుడు హుడ్, ఫిల్టరు తీసేయండి, ముందు గాజుకి మూత పెట్టండి. ముందువైపు నుంచి బ్యాండుని సాగదీసి పట్టుకుని జూమ్ రింగు దాకా తెచ్చి, రింగుకీ బాడీకీ మధ్య గీత బ్యాండు కింద మధ్యలోకి వచ్చేలా వదలండి. ఒకసారి జూమ్ ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పండి. చేతికి కాస్త బరువుగా తెలియాలి, అంతే, కుస్తీ పట్టాల్సి వస్తే బ్యాండు బిగుతు ఎక్కువైనట్టు. అప్పుడు దాన్ని కొంచెం జరిపి, జూమ్ రింగు మీద ముప్పాతిక, బాడీ మీద పావు ఉండేలా పెడితే బిగువు తగ్గుతుంది. ఇలా అటూ ఇటూ జరుపుతూ మీకు కావాల్సిన చోట ఆపుకోవచ్చు. గోపురం తీసేటప్పుడు వెనక్కి, పెళ్లి హాల్లో గబగబా జూమ్ చేయాల్సినప్పుడు పూర్తిగా జూమ్ రింగు మీదికి.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. బ్యాండు ఫోకస్ రింగు మీదికి పోకూడదు. కొన్ని లెన్సుల్లో జూమ్ రింగు పక్కనే ఫోకస్ రింగు ఉంటుంది, పాతవాటిలో ఆటోఫోకస్ అయ్యేటప్పుడు ఆ రింగు కూడా తిరుగుతుంది. రెండిటినీ కలిపి బిగించేస్తే మోటారు దాన్ని ఈడ్చలేక మొరాయిస్తుంది, ఫోకస్ తప్పుతుంది, మోటారు కాలినా కాలుతుంది. అలాంటి లెన్సులో జూమ్ రింగుకి రెండోవైపు కదలని బాడీ ఏ పక్కన ఉందో చూసి ఆ పక్కన వేయండి. వీఆర్ (చేతి వణుకుని సరిచేసేది), ఏఎఫ్ (ఆటోఫోకస్) స్విచ్చులు కూడా బ్యాండు కింద పడకుండా చూసుకోండి.

జారడానికి చోటు లేకుండా పెట్టడం

ఇది చాలామందికి తట్టదు గానీ ట్రైపాడ్ మీద పనిచేసేవాళ్లకి బ్యాండు కంటే ఇదే మేలు. లెన్సు కిందికి చూస్తుంటే బయటికి సాగాలని చూస్తుంది. అప్పటికే మొత్తం సాగి ఉంటే ఇంకెక్కడికి సాగుతుంది? పైకి చూస్తుంటే లోపలికి దిగాలని చూస్తుంది. అప్పటికే మొత్తం ముడిచి ఉంటే ఇంకెక్కడికి దిగుతుంది? (కొన్ని 24-70ల్లో 24 దగ్గరే గొట్టం ఎక్కువ బయటికి వస్తుంది, 70 వైపు ముడుచుకుంటుంది, కాబట్టి అంకె చూసి కాదు, గొట్టం పొడవు చూసి పెట్టుకోండి.)

వంటల రీల్స్ తీసేవాళ్లకి ఇది బంగారం. చేపల పులుసు దాకని పైనుంచి తీయాలని స్టాండు కర్రకి కెమెరా నిలువుగా వేలాడదీసి, 18-135 లెన్సుని మధ్యలో 50 దగ్గర పెడితే, మామిడికాయ ముక్కలు వేసే సమయానికి ఫ్రేము దాక అంచు దాటి లోపలికి పోయి ఉంటుంది. వీడియో కాబట్టి ఆ జారుడు కూడా రికార్డవుతుంది. దాని బదులు లెన్సుని చివరిదాకా సాగదీసి, కెమెరానే ఎత్తుకి జరిపి ఫ్రేము సరిచేసుకోండి. పైకప్పు అంత ఎత్తు లేకపోతే జూమ్ లేని 50 మి.మీ. లెన్సు పెట్టుకోవడం నయం, తక్కువ డబ్బుకే దొరుకుతుంది, జారే గొడవ లేదు. పెళ్లి ముగ్గులు, తలంబ్రాల పళ్లెం పైనుంచి తీసేవాళ్లకీ ఇదే లెక్క. గింబల్ (కెమెరా ఊగకుండా పట్టే మోటారు పిడి) మీద ఇంకో చిక్కు, కిందికి వంచినప్పుడు లెన్సు సాగితే బ్యాలెన్స్ తప్పి మోటార్లు మూలుగుతాయి. గింబల్ మీద పెట్టేముందు జూమ్ ఎక్కడ కావాలో అక్కడ పెట్టి బ్యాండు వేసేసి, ఆ తర్వాతే బ్యాలెన్స్ చేయండి.

పైకి చూసే పనికి మన దగ్గర శ్రీహరికోట ఉంది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకి పోయినా, రాకెట్ పైకి లేచిందంటే నెల్లూరులో మిద్దెలెక్కేవాళ్లు తగ్గలేదు. రాత్రి ప్రయోగాన్ని ఒకే ఫొటోలో వెలుగు గీతలా తీయాలంటే ట్రైపాడ్ మీద షట్టర్ రెండు మూడు నిమిషాలు తెరిచి ఉంచాలి. అంతసేపట్లో లెన్సు వెంట్రుకవాసి దిగినా గీత పక్కన ఇంకో గీత, ఊళ్లో లైట్లన్నీ చిన్న తోకలతో వస్తాయి. 18-55 అయితే ఇలా ఆలోచించండి: 18 దగ్గరా, మధ్యలోనా, ఎక్కడ గొట్టం పూర్తిగా ముడుచుకుంటుందో చూసి అక్కడే పెట్టి తీయండి, తర్వాత కావాల్సినంత కత్తిరించుకోవచ్చు. మధ్యలో ఏదో ఒక చోటే కావాలంటే ఫ్రేము, ఫోకస్ పెట్టుకున్నాక మాస్కింగ్ టేపు ముక్కలు మూడింటిని రింగుకీ బాడీకీ కలిపి, చుట్టూ సమంగా అంటించండి. ఆటోఫోకస్, వీఆర్ రెండూ ఆపేయండి. పని కాగానే టేపు పీకేయాలి, కారులో మర్చిపోతే మర్నాటి ఎండకి బంక కరిగి గ్రిప్పు సందుల్లోకి చేరుతుంది. కరెంటు పనివాళ్ల నల్ల టేపు అయితే మరీ ఘోరం, దాని జోలికి వెళ్లొద్దు. బంక మిగిలితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డకి కాస్త తడిపి తుడవండి, గోళ్ల రంగు తీసే ద్రవం, థిన్నర్, పెట్రోలు తాకితే ప్లాస్టిక్కు, రబ్బరు పాడవుతాయి.

600 దగ్గర పెట్టి చందమామని తీయాలి, లెన్సుకేమో లాక్ లేదు అంటే గొట్టం కిందికి దిగకుండా అడ్డుకర్రలు పెట్టాలి. ఏసీ రాగి పైపుకి తొడిగే నల్ల ఫోమ్ గొట్టం ముక్కలు ఏసీ మెకానిక్కు దగ్గర మిగిలి ఉంటాయి. లెన్సుని కావలసినంత సాగదీసి, బయటి గొట్టం అంచు నుంచి ముందున్న లావు అంచు దాకా పొడవు కొలిచి, దానికి సరిగ్గా రెండు ముక్కలు కోసి, ఎదురెదురుగా లోపలి గొట్టానికి ఆనించి, పైన మెత్తటి రబ్బరు బ్యాండుతో పట్టి ఉంచండి. ఒక్క ముక్కే పెడితే బరువంతా ఒక పక్కకి పడి గొట్టం వంకరగా ఒరుగుతుంది, అందుకే రెండు. పని అయ్యాక ముందు ఫోమ్ తీసి తర్వాతే జూమ్ తిప్పాలి.

నేలపట్టులో నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతుల్ని తీసేవాళ్లకి ఇవన్నీ అనవసరం, అక్కడ లెన్సు దాదాపు అడ్డంగానే చూస్తుంది, జారదు. తలమీదుగా ఎగిరే పక్షిని పట్టేటప్పుడు ఎడమచేతి పట్టే చాలు.

మైపాడు బీచికి వెళ్లేవాళ్లు మాత్రం ఇంకోటి చూసుకోవాలి. సాగే లెన్సు ప్రతి జూముకీ గాలిని లోపలికి పీలుస్తుంది. గొట్టం మీద ఇసుక పడి ఉండగా లెన్సు జారి ముడుచుకుంటే ఆ ఇసుక సందులోకి పోతుంది, తర్వాత రింగు తిప్పినప్పుడల్లా కరకరలాడుతుంది. ముడిచే ముందు లెన్సుని నేలవైపు వంచి, పొడి బ్రష్షుతో గొట్టం చుట్టూ దులపండి, ఉప్పుగాలి తగిలిన రోజు రాత్రి కాస్త తడిచేసిన గుడ్డతో తుడవండి.

ఇవి చేయొద్దు

రింగు సందులో తుప్పు వదిలించే స్ప్రే కొట్టడం, కుట్టుమిషను నూనె, కొబ్బరినూనె వేయడం లాంటివి కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిన కథే. ఇక్కడ కావాల్సింది రాపిడి పెంచడం, నూనె వేస్తే రాపిడి తగ్గుతుంది, జారుడు రెట్టింపవుతుంది, నూనె గాజుల మీదికి పాకుతుంది. ఇన్‌స్టంట్ గమ్ చుక్క వేసి రింగు ఒకచోట అంటించేద్దాం అనుకునేవాళ్లూ ఉన్నారు, ఆ గమ్ ఆవిరి గాజు మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది, ఇక ఆ లెన్సుని షోకేసులో పెట్టుకోవాల్సిందే.

ఎప్పుడు మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లాలి

ఏళ్ల తరబడి మెల్లగా పెరిగిన జారుడుకి పైన చెప్పినవి చాలు. నిన్నటిదాకా బాగుండి ఇవాళ ఒక్కసారిగా జారడం మొదలైతే, ముఖ్యంగా లెన్సు కింద పడ్డాక, సంగతి వేరు. ముందు గొట్టాన్ని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ కదిపి చూడండి. ఏ లెన్సులోనైనా కొంచెం ఆట ఉంటుంది, కానీ టక్ టక్ అని చప్పుడొచ్చినా, ఒక పక్కకి ఒరిగినా, ఫొటోలో ఒక మూల మసగ్గా వస్తున్నా లోపల స్క్రూ వదులైనట్టో, రోలరు అరిగినట్టో లెక్క. జూమ్ మధ్యలో ఒకచోట పట్టేసి, తర్వాత ఒక్కసారిగా వదిలేస్తున్నా అంతే. వీటికి బ్యాండు వేస్తే బాధ కనపడకుండా పోతుందే తప్ప అరుగుడు ఆగదు.

రింగు మీది రబ్బరు గ్రిప్పు సాగిపోయి ఉత్తగా తిరుగుతుంటే అది జారుడు కాదు, రబ్బరు మార్చాలి, అంతే. వేడికీ చేతి చెమటకీ జిడ్డుకీ కొన్ని లెన్సుల గ్రిప్పు ఉబ్బి వదులవుతుంది, దానికోసం లెన్సు మొత్తం విప్పించుకోకండి.

మన వైపు నుంచి సర్వీసుకి ఎక్కువమంది చెన్నై పోతారు. ఇచ్చేటప్పుడు "జారుతోంది" అని ఊరుకోకుండా, ఏ అంకెల మధ్య జారుతుందో, కిందికా పైకా, హుడ్‌తోనా లేకుండానా, కాగితం మీద రాసివ్వండి. ఏం మారుస్తారో, రోలర్లా, ఫెల్టు పట్టీలా, గ్రీజా, ఎస్టిమేట్‌లో విడివిడిగా రాయించుకోండి, పాత 18-200కి ఆ ఖర్చు సెకండ్‌హ్యాండు ధరలో సగం దాటుతుంటే బ్యాండుతో సరిపెట్టుకోవడమే తెలివి. తిరిగి తీసుకునేటప్పుడు మీ హుడ్, మీ ఫిల్టరు వెంట తీసుకెళ్లి, కౌంటరు దగ్గరే నేలవైపు పట్టుకుని ప్రతి అంకె దగ్గరా తట్టి చూసి, ఆ తర్వాత బిల్లు కట్టండి.